ఐదు వాట్ల మధ్యాహ్నం

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ జీతం చీటీ మీద తప్ప దాని అవసరం ఎక్కడా పడేది కాదు. ఆఫీసులో, ఇంట్లో, చివరికి వీధి మలుపులో బట్టలు ఇస్త్రీ చేసేవాడి దగ్గర కూడా అతను తూచాగారే. ఏ పనైనా తు.చ. తప్పకుండా చేస్తాడని మొదట ఎవరో వెటకారంగా అన్నారు. అతను దాన్ని మెచ్చుకోలు అనుకుని సంతోషపడ్డాడు. ఇక ఆ పేరు ఊడిరాలేదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి అది. పదో తరగతి పరీక్షలో "ఏవైనా ఐదు ప్రశ్నలకు సమాధానాలు రాయుము" అని ఉంటే, లోకంలో పిల్లలంతా ఎందుకైనా మంచిదని ఆరు రాస్తారు. ఇతను ఐదే రాశాడు. అందులో ఒకటి తప్పని తనకే తెలుసు. ఆరోది కంఠతా వచ్చు. అయినా చేతులు కట్టుకుని ఇరవై నిమిషాలు గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. కొట్టేసి రాయొచ్చు కదరా అని తండ్రి తల పట్టుకుంటే, కొట్టివేతలుండరాదని పైన రాసుందని చెప్పాడు.

మొదటి ఉద్యోగం లిఫ్టులకి సాఫ్ట్‌వేరు రాయడం. ఎనిమిది మంది ఎక్కొచ్చు, ఐదువందల నలభైనాలుగు కిలోలు అని లోపల రేకు మీద రాసి ఉంటుంది. మిగతావాళ్లు ఇంకో యాభై కిలోలు చూసీ చూడనట్టు వదిలేవాళ్లు. తూచా రాసిన లిఫ్టు ఐదువందల నలభైఐదో కిలో దగ్గర అరిచేది. ఒకరోజు కంపెనీ పెద్దాయన భోజనం క్యారేజీతో ఎక్కితే అరిచింది. క్యారేజీ కింద పెడితే ఊరుకుంది. ఆయన అప్పుడేమీ అనలేదు. రెండు నెలల తర్వాత ఖర్చులు తగ్గించుకుంటున్నామంటూ ఒక్క తూచాని మాత్రం తగ్గించుకున్నాడు.

ఆ తర్వాత చేరిందే ఈ సోలారు పెట్టెల కంపెనీ. పరుపుల కొట్టు మీద మొదటి అంతస్తు, ఇరవైరెండు మంది మనుషులు, ఒక వాటర్ కూలరు. కిందినించి కొత్త స్పాంజి వాసన ఎప్పుడూ పైకి కొడుతూ ఉండేది, దాంతో మధ్యాహ్నం రెండింటికి సగం మందికి నిద్ర ముంచుకొచ్చేది. ఒక గోడకి వరసగా ఆరు ఇన్వర్టర్లు బిగించి ఉండేవి. ఎదురుగా తూచా బల్ల.

పనేమిటంటే ఇది. మిట్టమధ్యాహ్నం ఊరందరి కప్పుల మీది ప్యానెళ్లూ ఒకేసారి వీధిలోకి కరెంటు కుమ్మరిస్తే, పాతకాలపు తీగలు తట్టుకోలేవు. వోల్టేజి పొంగుతుంది, ఫ్రిజ్‌లు కాలతాయి, ట్రాన్స్‌ఫార్మరు మూలుగుతుంది. అందుకని కరెంటాఫీసు ఒక ఏర్పాటు చేసింది. ప్రతి ఇంట్లోనూ ఒక చిన్న పెట్టె ఉండాలి. అది ఐదు నిమిషాలకోసారి ఆఫీసు సర్వరుని అడగాలి, ఇప్పుడు బయటికి ఎంత పంపొచ్చని. సర్వరు ఒక అంకె చెబుతుంది. పెట్టె ఆ అంకె దాటకుండా ఇన్వర్టరు చెవి పట్టుకుని ఆపాలి, ఎంత పంపిందో తిరిగి అప్పజెప్పాలి. సర్వరు పలక్కపోతే ఒకటిన్నర కిలోవాట్లకి తగ్గిపోయి, మళ్లీ పిలుపొచ్చేదాకా కిక్కురుమనకుండా ఉండాలి.

ఇలా అడిగి, విని, నడుచుకునే సాఫ్ట్‌వేరుని క్లయింటు అంటారు. మిగతా లోకంలో క్లయింటంటే డబ్బిచ్చి, కాలు మీద కాలేసుకుని మనకి చెప్పేవాడు. ఇక్కడ చెప్పింది వినేవాడు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో తూచాకి ఇంతగా మనసుకి నచ్చిన పని దొరకలేదు.

కరెంటాఫీసు నిబంధనల పుస్తకం రెండొందల పధ్నాలుగు పేజీలు. కంపెనీ యజమాని మొదటి పేజీ చదివి, చివరి పేజీలో సంతకం పెట్టాడు. మధ్యనున్న రెండొందల పన్నెండూ తూచా వాటాకొచ్చాయి. మూడుసార్లు చదివాడు. నూట అరవయ్యో పేజీలో ఒక కామా తప్పుందని ఉత్తరం కూడా రాశాడు. ఇంకో ఉత్తరంలో ఒక సందేహం అడిగాడు: "సర్వరు పొరపాటున అర్థంలేని అంకె పంపితే క్లయింటు ఏం చేయాలి? ఏ పేరాలోనూ లేదు." పదకొండు రోజులకి జవాబొచ్చింది: "మీ ప్రశ్న నమోదైనది. ధన్యవాదములు." తూచా దాన్ని అచ్చు తీసి ఫైల్లో పెట్టుకున్నాడు. దానికి వేరే పేరా లేదు కాబట్టి, పేరా పదిహేడు ప్రకారం ఎలాంటి అంకె వచ్చినా పాటించేలాగే రాశాడు. కాకపోతే మనసొప్పక, అలాంటప్పుడు చిట్టాలో "అంకె వింతగా ఉంది" అని ఒక ముక్క రాసిపెట్టేలా చేశాడు. ఆ చిట్టా ఎవరూ చదవరు. రాసినవాడికి తృప్తి, అంతే.

ఇల్లు ఆఫీసుకి ఇరవై నిమిషాల దూరం. కింద మామగారు, పైన కూతురూ అల్లుడూ, వాళ్ల పైన ప్యానెళ్లు. భార్య ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఎంతెంత బిగుసుకుపోయిన మోకాళ్లనైనా వంచుతుందని ఆమెకి పేరు. మొగుడి మెడ మాత్రం పదిహేడేళ్లయినా వంచలేకపోయింది.

మామగారు ముప్పైనాలుగేళ్లు రైలింజను నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడాయన నడపడానికి మిగిలినవి ఆ ప్యానెళ్లే. ఉదయం పదింటికల్లా వసారాలో పేము కుర్చీ వేసుకుని, గోడనున్న పెట్టె స్క్రీనుకి ఎదురుగా కూర్చునేవాడు. అంకె పెరిగితే తన ప్రజ్ఞ, తగ్గితే అల్లుడి చేతకానితనం. ఆయన బాధకి అసలు కారణం ఎదురింట్లో ఉంది. అక్కడ పళ్ల డాక్టరు, కింద క్లినిక్కు, పైన కాపురం. సరిగ్గా అన్నే ప్యానెళ్లు, అదే ఎండ. పెట్టె మాత్రం వేరే కంపెనీది, నాలుగు రంగుల దీపాలతో మిలమిలలాడుతూ ఉంటుంది. డాక్టరుగారికి రోజూ మధ్యాహ్నం ఐదు కిలోవాట్లకి అటూ ఇటూగా బయటికి పోతుంది. మామగారికి ఒకటీ ఎనభై, దేవుడు చల్లగా చూస్తే రెండు.

"సూర్యుడికి ఆయనంటే ఏమన్నా ప్రత్యేకమా అల్లుడూ?" అని ఒకరోజు అడిగాడు.

"సర్వరు మనకి ఒకటీ ఎనభయ్యే ఇచ్చింది మామయ్యా."

"మరి ఆయనకో?"

"ఆయనకీ అంతే ఇచ్చుంటుంది. ఒకే వీధి, ఒకే ట్రాన్స్‌ఫార్మరు."

"మరి ఐదెలా పోతోంది?"

వాళ్ల స్క్రీను తప్పు చూపిస్తుండొచ్చని తూచా చెప్పాడు. తప్పించుకోవడానికి చెప్పింది కాదు, నిజంగానే అలా నమ్మాడు. సర్వరు ఒకటంటే క్లయింటు ఇంకొకటి చేయడమనేది, చేసి మళ్లీ బుద్ధిగా నడుచుకున్నానని చెప్పడమనేది, అతని ఊహకి అందే సంగతి కాదు. అబద్ధమాడే మనుషులున్నారని తెలుసు. అబద్ధమాడే పెట్టె ఉంటుందనుకోలేదు.

యజమానికి మాత్రం ఊహాశక్తి ధారాళంగా ఉండేది. ఊళ్లో ఇళ్లన్నీ డాక్టరుగారి పెట్టె చేసిన ఎదుటి కంపెనీ ఎగరేసుకుపోతుంటే ఆయనకి కడుపు మండిపోయేది. వాళ్లవి అప్పటికే రెండువేల ఇళ్లు, వీళ్లవి గుంజుకుని గుంజుకుని వెయ్యి. ఒకరోజు తూచా బల్ల అంచు మీద కూర్చుని, గొంతు బాగా తగ్గించి, మన పెట్టెని కాస్త మెత్తగా చేయమన్నాడు. మెత్తగా అంటే ఏమిటని తూచా అడిగాడు.

"సర్వరు రెండంటే మనమూ రెండే అనాలా తూచాగారూ? రెండుంపావు, రెండున్నర. సందు చూసుకుని కాస్త. పట్టుకునేదెవరు?"

"ఏ పేరా కింద చేయమంటారండీ? నంబరు చెప్పి, ఒక కాగితం మీద రాసిస్తే ఈ వారంలోనే చేసేస్తాను."

యజమాని బల్ల దిగి వెళ్లిపోయాడు. అందులో తూచా వీరత్వం ఏమీ లేదు. నిజంగానే పేరా నంబరు కావాలి అతనికి. దొంగతనానికైనా పేరా చూపిస్తే చేసి ఉండేవాడేమో.

మామగారితో ఇంకో తగాదా ఉండేది. వీధిలో గొట్టాలకని రోడ్డు తవ్వి, ఇంటర్నెట్ తీగ తెంపారు. రెండు రోజులు సర్వరుతో మాటల్లేవు. పెట్టె ఒకటిన్నర దగ్గర బిగుసుకుపోయింది. మామగారికి మామూలుగా అల్లుడు 'నువ్వు', కోపమొస్తే 'మీరు'.

"అల్లుడుగారూ, తమరి పెట్టెకి సొంత బుద్ధంటూ ఏమీ లేదాండీ?" అన్నాడు.

"మీరు బండి నడుపుతుంటే సిగ్నల్ దీపం ఆరిపోయి ఉంటే ఏం చేసేవారు మామయ్యా?"

"ఆపేవాణ్ణి. దీపం లేదంటే ఎర్రదీపం కిందే లెక్క."

"మా పెట్టే అంతే."

"నా వెనకాల పదిహేను పెట్టెల నిండా జనముండేవారయ్యా. నీ పెట్టె వెనకాల ఎవరున్నారు?"

"వీధి తీగుంది."

"తీగ టిక్కెట్టు కొనదు," అని ఆయన లేచి లోపలికి పోయాడు.

ఇలా ఉండగా, ఆ ఏడాది ఎండలు ముదిరాయి. ఒక గురువారం పొద్దున్నించే ఊరు పెనంలా కాలుతోంది. ఇంటింటా ఏసీలు, కూలర్లు. వీధుల్లో మనిషన్నవాడు లేడు. కరెంటాఫీసుకి మొదటిసారిగా కప్పుల మీది కరెంటు బరువుగా కాక బంగారంగా కనిపించింది. ఉదయమంతా ఇంటికి మూడు కిలోవాట్లిచ్చారు, చాల్లేదు. అందరూ ఐదేసి పంపండని చెప్పాలని ఆఫీసు నాలుగో అంతస్తులో నిర్ణయించారు. నిబంధనల పుస్తకం ప్రకారం అంకె వాట్లలో ఇవ్వాలి, అంటే ఐదువేలు. నాలుగో అంతస్తులో ఎవరో మహానుభావుడు ఐదు అని కొట్టి, మీట నొక్కి, భోజనానికి వెళ్లాడు.

పన్నెండూ నలభైకి ఊళ్లో ప్రతి పెట్టే అడిగింది, ఎంత పంపొచ్చని. ఐదు వాట్లు అని జవాబొచ్చింది. పడగ్గదిలో చిన్న బల్బు వెలగడానికి సరిపడేంత.

మామగారు వసారాలో స్క్రీను చూసి లేచి నిలబడ్డాడు. ఐదు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ఐదు. అల్లుడు ఎట్టకేలకి మనిషయ్యాడనుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా, కాలే రోడ్డు మీద గెంతుతూ ఎదురింటికి వెళ్లి డాక్టరుని క్లినిక్కులోంచి బయటికి పిలిచాడు. మాకూ ఐదొచ్చిందని చెప్పాడు. డాక్టరు మర్యాదస్థుడు. ఆయన వెంట వచ్చి, కళ్లజోడు సవరించుకుని స్క్రీను చూసి, ఐదు పక్కన కిలో అన్న ముక్క లేదండీ అని మెల్లిగా చెప్పాడు. తర్వాత ఇద్దరూ డాక్టరు పెట్టె చూశారు. అక్కడ నాలుగువేల ఎనిమిదొందలు.

ఆ సమయానికి పరుపుల కొట్టు పైన తూచా స్క్రీను మీద చిట్టా వర్షంలా కురుస్తోంది. అంకె వింతగా ఉంది. అంకె వింతగా ఉంది. వెయ్యి ఇళ్లనించి వెయ్యిసార్లు. కరెంటాఫీసుకి ఫోన్ చేశాడు. తమ కాల్ మాకెంతో ముఖ్యమైనది అని ఒక ఆడగొంతు చెప్పి సంగీతం పెట్టింది. యజమాని వెనక నిలబడి అంతా చూశాడు. అన్ని పెట్టెలకీ ఒకేసారి, ఇది వినకండి, పాత అంకె మీదే ఉండండి అని చెప్పే మీట ఒకటి తూచా దగ్గరుంది. మరమ్మతుల కోసం పెట్టుకున్నది.

"నొక్కండి తూచాగారూ," అన్నాడు యజమాని. "ఇది పొరపాటని పసిపిల్లాడికి కూడా తెలుస్తోంది."

యజమాని జీవితంలో ఒక్కసారి సరైన మాట అన్నాడు. కానీ అంతకుముందు అన్నవన్నీ తూచా చెవుల్లో ఉన్నాయి. సర్వరు చెప్పింది కాదనడం ఇవాళ మొదలెడితే రేపు ఎక్కడ ఆగుతుంది? పేరా పదిహేడు ఏమంటుంది? అంకె ఏదైనను పాటింపవలెను అంటుంది. ఏదైనను అన్న మాటకి అర్థమేమిటి? ఫోన్లో సంగీతం మళ్లీ మొదటికొచ్చింది. మీట మీద వేలుంది. వేలు కదల్లేదు. అలా అరగంట గడిచింది.

ఒంటిగంటా పదికి బరువు మోయలేక సబ్‌స్టేషన్లో స్విచ్చి పడిపోయి, ఊరు సగానికి కరెంటు పోయింది. వీధిలో కరెంటు లేనప్పుడు ప్యానెళ్లు కూడా ఆగాలని నిబంధన, లేకపోతే తీగ బాగుచేసేవాడి ప్రాణానికి ముప్పు. అందుచేత నెత్తిన నిప్పులు చెరిగే సూర్యుణ్ణి పెట్టుకుని, కింద ఫ్యాను తిరగక, జనం గంటంబావు సేపు విసనకర్రలతో విసురుకున్నారు. ఈసారి డాక్టరుగారి పెట్టె కూడా ఆగింది. ఆ ఒక్కటీ మామగారికి కాస్త ఊరట.

సాయంత్రం భార్య ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే చెప్పింది. తుంటి విరిగిన ఒక ముసలాయన్ని నెలరోజుల తర్వాత మొదటిసారి లేపి నిలబెట్టిందట. సరిగ్గా అప్పుడే గది చీకటైంది. జనరేటరు అందుకునేదాకా ఆయన ఆమె భుజం పట్టుకుని వణికిపోతూ, ఆమె ఆయన నడుం పట్టుకుని గోడకి ఆనుకుని, అలాగే ఉన్నారట. పడుంటే ఇంకో తుంటి కూడా పోయేదంది.

"ఏమండీ, మీ దగ్గర ఆపే మీటేమన్నా ఉందా?"

"ఉంది."

"నొక్కలేదా?"

"ఏ పేరాలోనూ..." అని మొదలెట్టాడు తూచా. ఆ వాక్యం పూర్తికాలేదు. ఆమె ఇంకేమీ అనలేదు. కంచాలు పెట్టింది. అని ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

భోజనం దగ్గర మామగారు మాత్రం ఊరుకునే రకం కాదు. కాలిన అరికాళ్లకి మందు రాసుకుని, కుర్చీ మీద కాళ్లు చాపుకుని, జరిగిందంతా మొదటినించీ చెప్పాడు. కిలో లేని ఐదు, డాక్టరుగారి నాలుగువేల ఎనిమిదొందలు. స్క్రీను తప్పు చూపిస్తుండొచ్చని తూచా అలవాటుగా అనబోయి ఆగాడు. మామయ్యా, అది మీరు చూసింది ఎన్ని గంటలకని అడిగాడు. పన్నెండూ యాభైకి. డాక్టరు పెట్టెకీ ఐదు వాట్లే వచ్చుండాలి. ఒకే వీధి, ఒకే సర్వరు. అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నలభైఆరేళ్ల వయసులో అతనికి మొట్టమొదటిసారి, ఇంకొకడి క్లయింటు అబద్ధమాడుతోందేమోనని అనుమానం వచ్చింది. పెళ్లానికి మొగుడి మీద వచ్చే అనుమానం కూడా అంత నొప్పిగా ఉండదు.

విచారణ సోమవారం. కరెంటాఫీసు నాలుగో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కేటప్పుడు యజమాని ఆయాసపడుతూ, మీరు నోరెత్తకండి, నేను మాట్లాడతానన్నాడు. గదిలో పొడుగాటి బల్ల, దాని మీద నీళ్ల సీసాలు, ఆ చివర ఆఫీసరమ్మ. ఆ కుర్చీలోకి వచ్చి మూడు నెలలైంది ఆవిడ. ఇటుపక్క ఎదుటి కంపెనీ ప్రతినిధి, దువ్విన జుట్టుతో, పెళ్లిచూపులకొచ్చినవాడిలా కూర్చున్నాడు.

ఆఫీసరమ్మ కాగితం చూసి చదివింది. ఊరికి కరెంటు అత్యవసరమైన వేళ ఈ కంపెనీ వెయ్యి పెట్టెలు ఎగుమతి ఆపేయడం వల్ల సరఫరా దెబ్బతిన్నదని, కారణం చెప్పాలని. ఐదు అని కొట్టినవాడి ఊసు కాగితంలో ఎక్కడా లేదు. ఆ అంకె అర్థంలేనిదని మీకు తోచలేదా అని ఆవిడ అడిగింది. తూచా ఫైల్లోంచి "మీ ప్రశ్న నమోదైనది" తీసి బల్ల మీదుగా జరిపాడు. ఆవిడ చదివి, కింద సంతకం చూసింది. ఆ సంతకం ఆవిడకి ముందున్నాయనది. ఇప్పుడాయన ఆరో అంతస్తులో ఉన్నాడు, ప్రమోషన్ మీద.

అప్పుడు ఎదుటి కంపెనీ ప్రతినిధి, అడక్కుండానే, గొంతు సవరించుకున్నాడు. తమ కంపెనీ కూడా నియమం తప్పలేదని మనవి చేసుకున్నాడు. రెండువేల పెట్టెల నివేదికలూ తెచ్చాడు. అన్నింట్లోనూ పంపింది ఐదు వాట్లే. కావాలంటే చూసుకోవచ్చన్నాడు.

యజమాని తూచా మోకాలు నొక్కాడు. తూచా నోరెత్తాడు.

"ఆ మధ్యాహ్నం ఊళ్లో మొత్తం ఎగుమతి ఎంత పడిపోయిందండీ?"

ఆవిడ కాగితాలు తిరగేసింది. "మూడు మెగావాట్లు."

"మావి వెయ్యి ఇళ్లు. ఇంటికి మూడు కిలోవాట్లు ఆగాయి. ఆ మూడు మెగావాట్లూ మావే. వీళ్ల రెండువేల ఇళ్లు కూడా ఆగుంటే మొత్తం తొమ్మిది పడాలి. మిగతా ఆరూ ఎవరు పంపారండీ?"

ప్రతినిధి నీళ్ల సీసా మూత తీసి, తాగకుండా మళ్లీ బిగించాడు.

ఇళ్ల మీటర్లు చూస్తే తెలిసిపోతుంది కదా అన్నాడు తూచా. మీటర్ల విభాగం రెండో అంతస్తులో ఉంటుందని ఆఫీసరమ్మ చెప్పింది. ఏ ఇంటినించి ఎంత కరెంటొచ్చిందో చూసి డబ్బులిచ్చేది వాళ్లు. ఎవరెంత పంపాలో చెప్పేది నాలుగో అంతస్తు. నాలుగో అంతస్తు రానేలేదంటున్న కరెంటుకి రెండో అంతస్తు నెలనెలా డబ్బు కడుతోందా అన్న సంగతి ఈ రెండేళ్లలో ఎవరూ కలిపి చూడలేదు. కలిపి చూడమని ఎవరికీ ఉత్తర్వుల్లేవు.

"తెప్పించవచ్చాండీ?" అన్నాడు తూచా.

"అక్కడికి ఉత్తరం రాసి జవాబు రావాలంటే నలభై రోజులు పడుతుందండీ."

"మెట్లు దిగితే?"

ఆవిడ అతనివంక చూసింది. అతని ముఖంలో వెటకారం లేదు. వెటకారం అతనికి రాదు. నిజంగానే ఎంతసేపు పడుతుందో తెలుసుకోవాలనుకున్నాడు. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్లింది. పదకొండు నిమిషాల్లో తిరిగొచ్చింది. చేతిలో నాలుగు కాగితాలు. ఎదుటి కంపెనీ ఇళ్లలో ఒక్కటి కూడా ఆ మధ్యాహ్నం ఐదు వాట్లకి తగ్గలేదు. ఆ మధ్యాహ్నమే కాదు, ఈ రెండేళ్లలో ఏ మధ్యాహ్నమూ సర్వరు చెప్పిన అంకెకి తగ్గలేదు.

తర్వాత బయటపడిన కథ చాలా చిన్నది. ఆ పెట్టె పరీక్షల గదిలో ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. ఇంట్లో బిగించేవాడు "సంతోష విధానం" అనే చోట ఒక టిక్కు పెడతాడు. అప్పటినించీ అది సర్వరు ఏ అంకె చెబితే ఆ అంకెనే చిలకలా తిరిగి అప్పజెబుతుంది, పంపేది మాత్రం పంపుతూనే ఉంటుంది. వినియోగదారుల కోరిక మేరకే పెట్టామని ప్రతినిధి చెప్పాడు. సంతోషం నేరమా అని కూడా అడిగాడట. ఆ మాట రికార్డులోంచి తీసేశారు.

అంతకంటే గట్టి సంగతి ఇంకొకటుంది. సర్వరు అంకెలు నిర్ణయించేది ట్రాన్స్‌ఫార్మరు మీద పడే బరువు చూసి. రెండువేల పెట్టెలు దొంగచాటుగా ఐదేసి పంపుతుంటే, సర్వరు కంగారుపడి అందరికీ అంకె తగ్గించేది. అబద్ధాలకోరులు ఆ అంకె వినరు. వినేవాళ్లు వెయ్యి మంది. కాబట్టి తగ్గిందంతా వాళ్ల దగ్గరే తగ్గేది. మామగారి ఒకటీ ఎనభై ఎండ తక్కువై వచ్చింది కాదు, ఎదురింటి ఐదు తాలూకు మిగులు.

దర్యాప్తు నివేదిక అరవై పేజీలైంది. ఏ ఒక్కరి తప్పూ లేదని, అంకెకీ ప్రమాణానికీ మధ్య సమన్వయం లోపించిందని తేల్చారు. ఐదు కొట్టినాయనకి టైపింగు శిక్షణ ఇప్పించారు. ఎదుటి కంపెనీకి ఆరు నెలల గడువిచ్చారు, బాగుపడమని. బాగుపడాలంటే రెండొందల పధ్నాలుగు పేజీలు చదివినవాడు ఒక్కడైనా కావాలి. వాళ్ల దగ్గర లేడు. చివరికి వాళ్లొచ్చి తూచా రాసిన సాఫ్ట్‌వేరునే కొనుక్కున్నారు. మెత్తగా చేయమన్న యజమాని ఇప్పుడు ప్రతి సభలోనూ, నియమపాలన మా రక్తంలోనే ఉందని మైకు పట్టుకుని చెబుతున్నాడు. చప్పట్లు బాగానే పడుతున్నాయి.

తూచాని ఒక కమిటీలో వేశారు. వింత అంకె అంటే ఏమిటో నిర్వచించే కమిటీ అది. మొదటి సమావేశమంతా ఆ కమిటీ తాత్కాలికమా శాశ్వతమా అన్నదాని మీదే గడిచింది. అతను బుద్ధిగా కూర్చుని నోట్సు రాసుకున్నాడు. కానీ అప్పటికే, ఆ గురువారం తర్వాత రెండో వారంలో, అతను ఒక పని చేసి ఉన్నాడు. అంకె ఉన్నట్టుండి వందో వంతుకి పడిపోతే, పెట్టె పది నిమిషాలు పాత అంకె మీదే నిలబడి, ఒక మనిషికి ఫోన్ చేస్తుంది. ఆ మనిషి తూచాయే. ప్రతి వాక్యం పక్కనా పేరా నంబరు రాసే అలవాటున్నవాడు, ఆ పది పంక్తుల పక్కన ఏం రాయాలో తోచక చాలాసేపు కూర్చున్నాడు. చివరికి "పేరా లేదు. బాధ్యత నాది" అని రాశాడు. రాసి రెండుసార్లు చెరిపాడు, మూడోసారి ఉంచాడు. భార్యకి చెబితే, ఆమె అతని మెడ వెనక చెయ్యి వేసి, అటూ ఇటూ తిప్పి చూసి, కాస్త వదులైందే అంది.

ఎదుటి కంపెనీ పెట్టెలన్నీ నిజం చెప్పడం మొదలెట్టిన నెలకి, సర్వరు నెమ్మదించి అందరికీ అంకె పెంచింది. మామగారి స్క్రీను మూడూ ఇరవై చూపించింది. డాక్టరుగారిది ఐదునించి జారి అదే మూడూ ఇరవై దగ్గర ఆగింది. మామగారికి తనది పెరిగినందుకు కలిగిన ఆనందం రెండు రోజులుంది. ఎదుటాయనది తగ్గినందుకు కలిగింది ఇంకా ఉంది. అల్లుణ్ణి మెచ్చుకోలేదు గానీ, నెలన్నరగా ఒక్కసారి కూడా 'మీరు' అనలేదు.

మొన్నామధ్య ఆయనకి దవడ పన్ను సలిపింది. ఊళ్లో ఇంకో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని కూతుర్ని అడిగాడు. ఎదురుగా ఉండగా ఎక్కడికో ఎందుకని ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. డాక్టరు మర్యాదగా కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో దూది కుక్కి, యంత్రం అందుకున్నాడు. ఆ తర్వాత నలభై నిమిషాల పాటు, పన్ను తొలుస్తూ, ఐదు కిలోవాట్లకీ మూడూ ఇరవైకీ ఉన్న తేడా గురించి, నిబంధనల గురించి, కొందరి అల్లుళ్ల గురించి తీరిగ్గా మాట్లాడాడు. మామగారి దగ్గర ప్రతి మాటకీ జవాబుంది. నోరు మాత్రం ఖాళీ లేదు.